అట్ట, రేకు, కలప, ఇనుము: హెర్షెల్ గొట్టాల కథ

మన వాడుకలో గొట్టంగాడు అంటే లెక్కలోకి రానివాడు. టెలిస్కోప్‌లో కూడా గొట్టానికి ఉండే మర్యాద అంతే. ఇంట్లో టెలిస్కోప్ చేసుకుందామని కూర్చున్నవాళ్ళు ముందు అద్దం గురించి వెతుకుతారు. ఎన్ని అంగుళాలు, ఎంత ఫోకల్ లెంగ్త్, ఎంత రేటు అని. గొట్టానిదేముంది, ఏదో ఒక పైపు దొరుకుతుందిలే అనుకుంటారు.

కానీ సొంతంగా టెలిస్కోపులు చేసుకున్నవాళ్ళలో ప్రపంచంలోనే అందరికన్నా పేరున్న మనిషి జీవితం మొత్తాన్ని గొట్టాల వరుసలో చెప్పేయొచ్చు. ఆయన విలియం హెర్షెల్. స్కూల్లో ఒక మార్కు ప్రశ్నగా మనందరికీ తెలుసు: యురేనస్‌ని కనుగొన్నది ఎవరు? అక్కడితో మనం ఆపేశాం. అట్ట, రేకు, కలప, ఇనుము అని ఆయన నాలుగు రకాల గొట్టాలతో పనిచేశాడు. వాటిలో మొట్టమొదటిది మాత్రం ఆయన చేసింది కాదు. ఆయన చెల్లెలు చేసింది.

సంగీతం మాస్టారు

హెర్షెల్ 1738 నవంబర్ 15న జర్మనీలోని హానోవర్‌లో పుట్టాడు. నాన్న సైనిక బ్యాండులో ఓబో వాయించేవాడు. ఓబో అంటే మన నాదస్వరంలాగా నోట్లో పీక పెట్టుకుని ఊదే వాద్యం. కొడుకు కూడా పద్నాలుగేళ్ళకే అదే బ్యాండులో చేరాడు. 1757లో ఫ్రాన్స్ సైన్యం చేతిలో హానోవర్ ఓడిపోయింది. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఇంగ్లాండ్ వెళ్ళిపోయాడు. మొదట్లో సంగీతం నోట్స్ కాపీ చేసి పెట్టి పొట్ట పోసుకున్నాడు. తర్వాత పాఠాలు చెప్పాడు, కచేరీలు చేశాడు. 1766లో బాత్ అనే ఊళ్ళో ఆక్టగన్ చాపెల్‌కి ఆర్గాన్ వాయించే ఉద్యోగం దొరికింది. అప్పటికి ఆయన ఇరవై ఎనిమిదేళ్ళ సంగీతం మాస్టారు, అంతే. సైన్స్‌లో డిగ్రీ లేదు, కాలేజీ ముఖమే చూడలేదు.

చెల్లెలు కెరొలిన్ 1750లో పుట్టింది. పదేళ్ళప్పుడు జబ్బు చేసి ఎదుగుదల ఆగిపోయింది. జీవితాంతం ఆమె ఎత్తు నాలుగడుగుల మూడంగుళాలే. ఈ పిల్లకి పెళ్ళి కాదు, ఇంటి చాకిరీకి ఉంటుందిలే అని వాళ్ళమ్మ లెక్క. చదువు కూడా అవసరం మేరకే నేర్పించారు. అన్న ఏం చేశాడంటే, ఆ చాకిరీకి వేరే మనిషిని పెట్టుకోమని తల్లికి ఏటా డబ్బు కట్టేలా ఒప్పుకుని, 1772లో చెల్లెల్ని బాత్ తీసుకొచ్చాడు. ఆమెని గాయనిగా తయారుచేయాలని ఆయన ఉద్దేశం. తయారైంది కూడా. కచేరీల్లో ముఖ్యమైన పాటలు పాడే స్థాయికి వచ్చింది. సరిగ్గా ఆ సమయానికే అన్నకి ఆకాశం పిచ్చి పట్టింది.

మొదటి గొట్టం: అట్ట

1773లో హెర్షెల్ ఒక ఖగోళ శాస్త్రం పుస్తకం కొన్నాడు. చదివి ఊరుకోలేదు. లండన్ నుంచి లెన్సులు తెప్పించాడు. ఆ రోజుల్లో ఒంటి లెన్సుతో ఒక తలనొప్పి ఉండేది. లెన్సు వెలుగుని రంగులుగా విడగొడుతుంది కాబట్టి నక్షత్రం చుట్టూ రంగుల అంచు కనిపించేది. దాన్ని తగ్గించాలంటే ఫోకల్ లెంగ్త్ బాగా పెంచాలి. అంటే గొట్టం కూడా అంత పొడుగు కావాలి. హెర్షెల్‌కి కావాల్సింది పద్దెనిమిది, ఇరవై అడుగుల గొట్టం.

ఆ గొట్టం చేసే పని కెరొలిన్ మీద పడింది. లెన్సులు ఊరు చేరేలోపు ఆమె అట్టతో గొట్టం చుట్టింది. బిగించి చూస్తే గురుడో శనో కంటికి ఆనింది ఒక్క విలియంకే. ఇంట్లో మిగతా ఎవరికీ ఏమీ కనిపించలేదు. కారణం లెన్సు కాదు. అంత పొడుగు అట్ట గొట్టం తిన్నగా నిలబడదు, నడుమ దగ్గర వంగిపోతుంది. ఈ చివర లెన్సు ఒక దారి చూస్తే, ఆ చివర కంటి దగ్గర లెన్సు ఇంకో దారి చూస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. గొట్టం చేయాల్సిన పనులు మూడు. రెండు చివర్లనీ ఒకే గీతలో పట్టుకోవాలి. పక్కల నుంచి వచ్చే వెలుగుని ఆపాలి. లోపల గాలిని కదలకుండా ఉంచాలి. మొదటిది తప్పితే మిగతా రెండూ ఎంత బాగా చేసినా లాభం లేదు. అట్ట తేలిక, చవక, కోయడం సులువు. పొడుగు పెరిగేకొద్దీ మాత్రం దానికి వెన్నెముక ఉండదు. పైగా మంచు పడితే తడి పీల్చుకుని మెత్తబడుతుంది.

అలాగని అట్ట పనికిరాదని కాదు. మన ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళలో గుడ్డ అయిపోయాక మిగిలే అట్ట గొట్టాలు చూసే ఉంటారు. గోడ మందంగా, ఇనుములా గట్టిగా ఉంటాయి. మూడు, నాలుగు అడుగుల చిన్న లెన్సు టెలిస్కోప్‌కి వాటిని మించినది లేదు. లోపల బ్లాక్‌బోర్డ్ పెయింట్, బయట రెండు పూతలు వార్నిష్ వేస్తే చాలు. కెరొలిన్ గొట్టాన్ని దెబ్బకొట్టింది అట్ట కాదు, ఇరవై అడుగులు.

రెండో గొట్టం: రేకు

అట్ట పోయి దాని స్థానంలో తగరపు రేకు గొట్టాలు వచ్చాయి. వంపు సమస్య తీరింది. గొట్టం కోసం తగరం వైపు చూసిన మొదటివాడు హెర్షెల్ కూడా కాదు. 1609లో గెలీలియో టెలిస్కోప్ పని కోసం రాసుకున్న సరుకుల చీటీలో తగరపు ఆర్గాన్ గొట్టం కూడా ఉంది. హెర్షెల్ ఉద్యోగమే ఆర్గాన్ వాయించడం. గాలి ఊదితే పాడే గొట్టాలతో బతికేవాడు వెలుగుని పట్టే గొట్టాల వెంట పడ్డాడన్నమాట.

రేకుతో ఇంకో ఇబ్బంది ఉంది. లోహం రాత్రిపూట త్వరగా చల్లబడుతుంది. దాని మీద మంచు చేరుతుంది, లోపలి గాలి కదులుతుంది, బొమ్మ వణుకుతుంది. హెర్షెల్ గొట్టాల పొడుగు ముప్పై అడుగుల దాకా పెంచి చూసి, ఇంత పొడుగువాటిని తిప్పడం మన వల్ల కాదని లెన్సులు వదిలేశాడు. అద్దంతో పనిచేసే టెలిస్కోప్ ఒకటి అద్దెకి తెచ్చి చూశాడు. అదే మనసుకు పట్టింది. అందులో వెలుగు రంగులుగా విడిపోదు కాబట్టి గొట్టం చాలా పొట్టిగా చేసుకోవచ్చు.

తనకి కావాల్సిన సైజు అద్దం కొందామంటే ధర అందుబాటులో లేదు. సొంతంగా చేసుకోవడం తప్ప దారి లేదు. ఊళ్ళో ఒకాయన అద్దాలు చేసే సరదా మానేస్తుంటే ఆయన పనిముట్లు మొత్తం కొనేశాడు.

మూడో గొట్టం: కలప

అప్పటి అద్దం అంటే గాజు కాదు. రాగి, తగరం కలిపి కరిగించి పోసిన కంచులాంటి లోహం బిళ్ళ. దాన్ని అరగదీసి, మెరుగు పెట్టి అద్దంలా చేయాలి. ఇల్లంతా వర్క్‌షాప్ అయిపోయింది. హాల్లో వడ్రంగి గొట్టాలు, స్టాండ్లు చేస్తున్నాడు. బెడ్‌రూమ్‌లో తమ్ముడు అలెగ్జాండర్ లేత్ మెషిన్ పెట్టాడు. మెరుగు పెట్టేటప్పుడు చెయ్యి తీస్తే అద్దం ఆకారం చెడుతుందని హెర్షెల్ ఒకసారి పదహారు గంటలు లేవలేదు. కెరొలిన్ పక్కన కూర్చుని ఆయన నోటికి ముద్దలు అందించింది. మధ్యలో కథల పుస్తకాలు చదివి వినిపించింది.

1774 మార్చి 1న, ఐదున్నర అడుగుల సొంత టెలిస్కోప్‌తో ఒరాయన్ నెబ్యులాని చూసి రాసుకున్నాడు. మృగశిర కార్తె అంటామే, ఆ మృగశిర నక్షత్రం ఉన్న గుంపే ఒరాయన్. అక్కడి నుంచి వెనక్కి చూసుకోలేదు.

తర్వాత వచ్చిన ఏడడుగుల టెలిస్కోపే ఆయన చేతుల్లోంచి వచ్చిన వాటిలో బాగా పేరు తెచ్చుకుంది. ఇదే నమూనాలో తర్వాత అమ్మకానికి కూడా చేశాడు. వాటి గొట్టాలు మహాగని కలపవి. చాలావరకు గుండ్రంగా ఉండవు, ఎనిమిది పలకలుగా ఉంటాయి. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. పలక చెక్కలు కోసి, అంచులు ఏటవాలుగా చెక్కి అతికించడం ఏ వడ్రంగికైనా వచ్చిన పని. గుండ్రటి గొట్టం చెక్కడం అట్లా కాదు. పైగా కలప లోహంలాగా ఎండకీ చలికీ పెద్దగా సాగదు, కుంచించుకుపోదు. గబుక్కున చల్లబడదు. రాత్రి మంచులో బయట పెట్టినా లోపలి గాలి నిదానంగా ఉంటుంది.

1781 మార్చి 13 రాత్రి బాత్‌లోని తన ఇంటి వెనక తోటలో ఇలాంటి ఏడడుగుల టెలిస్కోప్‌తోనే ఒక చుక్క దగ్గర ఆగాడు. అది నక్షత్రంలా సూదిమొనగా లేదు, చిన్న బిళ్ళలా ఉంది. నాలుగు రోజుల తర్వాత చూస్తే జరిగింది. తోకచుక్క అనుకున్నాడు. యూరప్‌లోని గణిత శాస్త్రవేత్తలు కక్ష్య లెక్కకట్టి గ్రహమని తేల్చారు. మనిషి పుట్టినప్పటి నుంచి శని దగ్గరే ఆగిన గ్రహాల లెక్క ఆ తోటలో ఒకటి పెరిగింది. ఆ టెలిస్కోప్ అద్దం వెడల్పు ఆరంగుళాల పైచిలుకు మాత్రమే. ఈ రోజు మనం ఇంట్లో చేసుకుందాం అనుకునే సైజే.

1782లో రాజు మూడో జార్జి ఏడాదికి 200 పౌండ్లు జీతం ఇచ్చి పిలిపించుకున్నాడు. హెర్షెల్ సంగీతం మానేశాడు. ఆయనతోపాటు కెరొలిన్ పాట కూడా ఆగిపోయింది. ఆమెని ఎవరైనా అడిగారా అన్నది వేరే సంగతి. విండ్సర్ కోట దగ్గరి ఊళ్ళకి మారాక ఆమె పని ఇలా ఉండేది: అన్న టెలిస్కోప్ దగ్గర పైన నిలబడి చూసింది అరిచి చెబుతాడు, ఆమె కింద గడియారం చూసి టైముతో సహా రాస్తుంది. పొద్దున్నే ఆ లెక్కలన్నీ సాపు రాస్తుంది. 1783 డిసెంబర్ 31 రాత్రి మంచు మీద పరిగెత్తుతూ జారిపడితే ఇనుప కొక్కెం మోకాలి పైన దిగింది. కండ ఊడి వచ్చింది. ఆమె కోలుకునే రోజుల్లో మబ్బులు పట్టి ఉండటం వల్ల అన్నకి పెద్దగా నష్టం జరగలేదని తర్వాత తృప్తిపడింది. చదువుతుంటే మనకే కోపం వస్తుంది.

నాలుగో గొట్టం: ఇనుము

పెద్ద అద్దం అంటే ఎక్కువ వెలుగు, ఇంకా దూరం. యురేనస్ దొరికిన ఏడాదే హెర్షెల్ ఇంటి కింది గదిలో మూడడుగుల అద్దం పోత పోయబోయాడు. అచ్చు కోసం గుర్రపు పేడని దంచి జల్లెడ పట్టి సిద్ధం చేశారు. రెండోసారి పోసేటప్పుడు కొలిమి కారింది. కరిగిన లోహం నేల మీద పారి, రాతి పలకలు పేలిపోయాయి. అందరూ తలో దిక్కు పరిగెత్తారు.

1785లో రాజు డబ్బు ఇచ్చాడు. మొదట 2000 పౌండ్లు, తర్వాత ఇంకో 2000. నలభై అడుగుల టెలిస్కోప్ మొదలైంది. అద్దం నాలుగడుగుల వెడల్పు. మొదటి అద్దం పలచగా వచ్చి వంగిపోతే రెండోది పోశారు, అది దాదాపు ఒక టన్ను బరువు.

ఇంత పెద్దదానికి గొట్టం దేనితో చేయాలి? ఇప్పటిదాకా నమ్ముకున్న కలపతో చేస్తే బరువు తట్టుకోలేరు. లెక్క వేస్తే ఇనుప రేకు గొట్టం కన్నా కలప గొట్టం కనీసం 3000 పౌండ్లు, అంటే 1300 కేజీల పైన ఎక్కువ తూగుతుందని తేలింది. చిన్న సైజులో బరువుగా కనిపించిన ఇనుమే పెద్ద సైజులో తేలికైంది. ఎందుకంటే గట్టితనం కోసం కలపని మందంగా వాడాలి, ఇనుము పలచగా ఉన్నా నిలబడుతుంది. ఆయన వాడిన రేకు మందం అంగుళంలో 36వ వంతు. మన లెక్కలో 0.7 మిల్లీమీటర్లు. ఆ రేకుతో 39 అడుగుల 4 అంగుళాల పొడుగు, 4 అడుగుల 10 అంగుళాల వెడల్పు గొట్టం చేశారు.

దాన్ని అతికించిన పద్ధతి ఇంకా బాగుంటుంది. రివెట్లు వాడలేదు. పొయ్యిల పొగగొట్టాలు చేసేవాళ్ళ పద్ధతిలో రేకు అంచులు మడిచి, ఒకదాంట్లో ఒకటి ఇరికించి బిగించారు. మన దగ్గర రేకు డబ్బాలు, ట్రంకు పెట్టెలు చేసే అంగట్లో ఒక గంట నిలబడితే ఇప్పటికీ ఆ మడత చూడొచ్చు. తుప్పు పట్టకుండా లోపలా బయటా మూడు నాలుగు పూతలు రంగు వేశారు. ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోప్‌కి ఆధారం పొగగొట్టాల పనితనమే.

అద్దం బిగించకముందు గొట్టం నేల మీద పడుకుని ఉన్నప్పుడు రాజుతో సహా చాలామంది అందులో నడిచి చూశారు. చూడటానికి వచ్చేవాళ్ళకి లెక్కలేదు. 1789లో పని పూర్తయ్యింది. ఆగస్టు 28న, సెప్టెంబర్ 17న శని ఉపగ్రహాలు ఎన్సెలాడస్, మిమాస్ ఆయన లెక్కలోకి వచ్చాయి.

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. ఇంత చేసిన నలభై అడుగుల టెలిస్కోప్‌ని హెర్షెల్ పెద్దగా వాడలేదు. సిద్ధం చేయడానికే మనుషులు, గంటలు కావాలి. ఇంగ్లాండ్‌లో మబ్బు లేని రాత్రులే తక్కువ. తడికి అద్దం నల్లబడేది. ఒక టన్ను అద్దాన్ని మళ్ళీ మెరుగు పెట్టడం మాటలా? ఆయన అసలు పని జరిగింది ఇరవై అడుగుల టెలిస్కోప్‌తో. దాదాపు 2500 నెబ్యులాలు, నక్షత్ర గుంపులు ఆయన జాబితాల్లోకి ఎక్కించింది, 1787లో యురేనస్‌కి రెండు ఉపగ్రహాలు చూపించింది అదే. మన భాషలో చెప్పాలంటే డెమోకి పెద్దది, ప్రొడక్షన్‌కి చిన్నది.

చివరి రోజులు

1787లో రాజు కెరొలిన్‌కి ఏడాదికి 50 పౌండ్ల జీతం ఇచ్చాడు. ఆకాశం చూసే పనికి జీతం అందుకున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు. సొంతంగా ఎనిమిది తోకచుక్కలు కనిపెట్టింది. 1788లో అన్న పెళ్ళి చేసుకున్నాడు. ఆ తర్వాతి పదేళ్ళ డైరీని ఆమె తన చేతులతోనే నాశనం చేసింది. అందులో ఏముందో ఎవరూ చదవలేరు.

1800లో హెర్షెల్ పట్టకంతో సూర్యకాంతిని విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, కంటికి ఏమీ కనిపించనిచోట వేడి ఎక్కువగా ఉంది. మనం ఇన్‌ఫ్రారెడ్ అంటున్నది అదే. 1822 ఆగస్టు 25న స్లౌలో ఆయన చనిపోయాడు. కెరొలిన్ హానోవర్ తిరిగి వెళ్ళిపోయింది. అక్కడ అన్న నెబ్యులాలన్నీ కొత్త వరుసలో పేర్చి జాబితా తయారుచేసింది. 1828లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆమెకి బంగారు పతకం ఇచ్చింది. 1848లో తొంభై ఏడేళ్ళ వయసులో కన్నుమూసింది.

నలభై అడుగుల గొట్టం హెర్షెల్ తర్వాత ఎక్కువ కాలం నిలబడలేదు. కట్టడం పుచ్చిపోతుంటే కొడుకు జాన్ దాన్ని దించేశాడు. 1839 చివరి రాత్రి కుటుంబం మొత్తం ఆ గొట్టం లోపల చేరి పాట పాడి దానికి వీడ్కోలు చెప్పింది. తర్వాత చెట్టు కూలి చాలాభాగం నలిగిపోయింది. మిగిలిన పదడుగుల ముక్క గ్రీనిచ్‌లో ఉంది. ఇరవై అడుగుల టెలిస్కోప్‌నైతే జాన్ దక్షిణాఫ్రికాకి తీసుకెళ్ళి దక్షిణ ఆకాశం మొత్తం చూశాడు.

మన గొట్టం

మన తెలుగు నేల మీద విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావుగారు 1874లోనే సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడం చూశారు. అది ఇంగ్లాండ్‌లో తయారైన టెలిస్కోప్. మనకి ఇప్పుడు ఆరంగుళాల అద్దం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గొట్టం మాత్రం ఊళ్ళోనే వెతుక్కోవాలి.

ఆరంగుళాల అద్దం, 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ అనుకుందాం. నాలుగడుగుల పొడుగు, ఏడెనిమిది అంగుళాల లోపలి వెడల్పు కావాలి. అందరికీ ముందు తట్టేది ఎనిమిదంగుళాల పీవీసీ పైపు. దొరకడం సులువు, తడికి భయం లేదు. కానీ బరువు, పైగా వేడికి సాగుతుంది. మన ఎండకాలంలో మిద్దె మీద కాలిన పైపు అర్ధరాత్రికి 20 డిగ్రీలు చల్లబడిందనుకోండి, ఆ నాలుగడుగుల్లో మిల్లీమీటరుకు పైనే కుంచించుకుపోతుంది. ఫోకస్ మళ్ళీ మళ్ళీ సరిచేసుకుంటూ కూర్చోవాలి. ఇనుములో ఈ తేడా ఐదో వంతే, కలపలో ఇంకా తక్కువ. వెచ్చని గదిలోంచి తెచ్చిన టెలిస్కోప్ చల్లబడేదాకా సరిగా చూపించదని హెర్షెల్ కూడా గమనించాడు. ఏ గొట్టమైనా చీకటి పడగానే బయట పెట్టి, ఒక గంట వదిలేయడం మంచిది.

నన్నడిగితే ప్లైవుడ్. వడ్రంగి దగ్గర మిగిలిన ముక్కలతో నాలుగు పలకలుగానో, ఓపిక ఉంటే ఎనిమిది పలకలుగానో బిగించుకోవచ్చు. గుండ్రంగా లేదని గ్రహాలేమీ అలగవు. ఇంకో విషయం, బైక్ వెనక కట్టుకుని గండికోట దాకా తీసుకెళ్ళగలిగేంత తేలికగా ఉండాలి. జమ్మలమడుగు దాటాక పెన్నా లోయ మీద ఉండే చీకటి మన మిద్దెల మీద దొరకదు. మోయలేక ఇంట్లోనే వదిలేసే టెలిస్కోప్ కన్నా మోయగలిగే చిన్నదే ఎక్కువ చూపిస్తుంది. హెర్షెల్ ఇరవై అడుగులదాన్ని ఎందుకు ఇష్టపడ్డాడో అప్పుడు మనకి అర్థమవుతుంది.

ఆ రాత్రి ఒకరు కంటి దగ్గర ఉంటే ఇంకొకరు టార్చ్‌కి ఎర్ర కాగితం చుట్టుకుని టైము రాయాలి. ఆ రెండో మనిషి పేరు కూడా నోట్‌బుక్‌లో రాయండి. వంతులు కూడా మార్చుకోండి.